తలుపు చెప్పిన మాట

సూలూరు దగ్గర ఒక నూలు మిల్లులో, దూదిని ఏకే యంత్రం పక్కన నిలబడి ఉన్నాను. మోటారు ఆపేశారు. లోపలి డ్రమ్ము మాత్రం తన బరువుతో తానే తిరుగుతూ సన్నగా ఈల వేస్తోంది. గాలిలో వెచ్చబడ్డ దూది వాసన, నూనె వాసన. నా కుడిచెయ్యి తలుపు పిడి మీద ఉంది. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతున్నాను. ఆ డ్రమ్ము ఒళ్ళంతా ఇనుప పళ్ళే. అది పూర్తిగా నిలిచేదాకా తలుపు తెరుచుకోకూడదు. తెరుచుకోదని నాకు తెలుసు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మేం చేసిందే. అయినా లెక్క నలభై దాటేసరికి అరచెయ్యి చెమటపట్టింది. పదహారేళ్ళుగా ఇంతే. ఈ లెక్క నాకు నేర్పిన మనిషి రుక్మిణక్క.

కోయంబత్తూరు పీలమేడులో మా ఆఫీసు మిల్లు యంత్రాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. అక్కడ పరీక్షల విభాగమంతా రుక్మిణక్కదే. యాభై దాటిన మనిషి. నూలు చీర కొంగును నడుముకు బిగించి దోపుకుని స్కూటీ మీద వచ్చేది. పై అధికారి అయినా మాకందరికీ అక్కే. ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్ళతో తెలుగే మాట్లాడేది. మా కుటుంబాల్లో తరతరాలుగా తెలుగు మాట మిగిలింది గాని తెలుగు చదువు లేదు; ఆమె నోటుపుస్తకంలో మాటలు తెలుగువి, అక్షరాలు తమిళానివి. ఇది రాస్తున్న తెలుగు అక్షరాలు నేను కూడా నలభయ్యేళ్ళు వచ్చాక నేర్చుకున్నవే.

మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. మేం నేరుగా కోడ్ రాసేవాళ్ళం కాదు. ముందు యంత్రం ఎలా నడవాలో బొమ్మ గీసేవాళ్ళం: మోటారుకొక పెట్టె, సెన్సరుకొక పెట్టె, తలుపుకొక పెట్టె, ఏ పరిస్థితి నుంచి ఏ పరిస్థితికి వెళ్ళాలో బాణాలు. ఆ బొమ్మ నుంచి ఒక టూల్ కోడ్‌ను తానే తయారుచేసేది. పరీక్షలు కూడా ఆ బొమ్మలోంచే పుట్టేవి. అందుకే ఆఫీసులో ఒకటే కట్టడి. తప్పు కనబడితే బొమ్మను దిద్దాలి, కోడ్‌ను చేత్తో ముట్టకూడదు. ముడితే, రేపు ఇంకెవరైనా బొమ్మ నుంచి కోడ్‌ను మళ్ళీ పుట్టించినప్పుడు ఆ దిద్దుబాటు తుడిచిపెట్టుకుపోతుంది.

ఈ పద్ధతికి రుక్మిణక్క తనదైన ఆచారం ఒకటి చేర్చింది. ప్రతి కొత్త వెర్షన్ బయటికి పోయేముందు ఒక్కొక్క పెట్టె గీసినవాళ్ళు లేచి నిలబడి, ఆ పెట్టే మాట్లాడుతున్నట్టు, అది ఏం మాట ఇస్తుందో ఇంటి తెలుగులో చెప్పాలి. తలుపు పెట్టె నాది. మొదటిసారి ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అదంతా వద్దు కణ్ణూ. ఇంట్లో మీ అమ్మకు చెప్పేమాదిరి చెప్పు."

"మా అమ్మకు తలుపంటే గొళ్ళెం అక్కా. ఇదేం తెలుస్తాది ఆమెకు?"

"ఆమెకు తెలిసేమాదిరి చెప్పలేదంటే నీకే తెలీలేదని అర్థం."

అందరూ నవ్వారు. నేను చెవులు ఎర్రబడి, చేతులు కట్టుకుని చెప్పాను. "నేను తలుపును. డ్రమ్ము నిలిచిందని సెన్సరు చెప్పేంతవరకు నేను తెరుచుకోను."

"సరి, కూర్చో తలుపూ," అంది. ఆ వారమంతా నా పేరు అదే.

కంప్యూటర్‌లో పరీక్షలన్నీ నెగ్గి పచ్చగా వచ్చినా ఆమెకు చాలేది కాదు. మిల్లుకు వెళ్ళి, మోటారు ఆపించి, తలుపు పిడి పట్టుకుని లాగుతూ డ్రమ్ము నిలిచేదాకా లెక్కపెట్టేది. ఒకసారి మిల్లు ఎలక్ట్రీషియన్ విసుక్కున్నాడు. "అమ్మా, మీరు లెక్కపెట్టి ముగించేలోపల నాకు పెన్షన్ వచ్చేస్తాది."

ఆమె లెక్క ఆపకుండా, అంకెకూ అంకెకూ నడుమ జవాబిచ్చింది. "అరవై ఒకటి. ఆ పెన్షన్ తీసుకునేదానికి చేతులు ఉండొద్దా నీకు? అరవై రెండు."

ఇక నా తప్పు. ఒక గురువారం సూలూరు మిల్లులో పనిచేస్తుండగా కరెంటు పోయింది, రెండు నిమిషాల్లో వచ్చింది. మా సాఫ్ట్‌వేర్‌ను నడిపే కంట్రోలర్ మళ్ళీ లేచింది. లేచిన వెంటనే, డ్రమ్ము నిలిచే ఉందనుకుని, తలుపు తాళం వదిలేసింది. లోపల డ్రమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. బొమ్మలో మొదటి పరిస్థితి 'నిలిచి ఉంది' అని గీసినవాణ్ణి నేనే.

బొమ్మను దిద్దితే పరీక్షలన్నీ మళ్ళీ నడపాలి, రుక్మిణక్క మళ్ళీ ప్రతి యంత్రం దగ్గరా లెక్కపెట్టాలి. రెండు రోజుల పని. మర్నాడు సాయంత్రం నేను బోడినాయకనూరు బస్సు ఎక్కాలి. ఆదివారం అక్కడ మా అక్క కొడుక్కి చెవులు కుట్టిస్తున్నారు, మేనమామ ఒడిలో కూర్చోబెట్టే కుట్టాలి. నేను లేకపోతే వేడుక లేదు. మిల్లు మేనేజరేమో యంత్రాలు ఎప్పుడు నడుపుతారని నెత్తిమీద నిలబడి ఉన్నాడు. కోడ్‌లో చేత్తో మూడు వరుసలు చేర్చాను. పరీక్షించాను, తలుపు ఆగింది. ఆఫీసులో ఉన్న కోడ్‌లోనూ అవే మూడు వరుసలు ఎక్కించాను. తిరిగొచ్చాక బొమ్మను దిద్దుకోవచ్చు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమె నన్ను బస్సెక్కనివ్వదు.

సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి పక్క సీటు ప్రభు ఉత్సాహంగా ఉన్నాడు. "అన్నా, శనివారం మిల్లువాళ్ళు లైటు రంగు మార్చమన్నారు. చిన్న మార్పే కదా అని బొమ్మలో మార్చి కోడ్ కొత్తగా పుట్టించి పంపేసినా. పరీక్షలన్నీ పచ్చగా ఉండాయి."

పచ్చగానే ఉంటాయి. బొమ్మకు తెలియని తప్పు ఆ బొమ్మలోంచి పుట్టిన పరీక్షలకు ఎలా తెలుస్తుంది? నా మూడు వరుసలు పోయాయి. మిల్లులో పదకొండు యంత్రాలు ఆ తలుపులతో నడుస్తున్నాయి.

ఆ క్షణమే లేచి చెప్పవలసింది. చెప్పలేదు. ఏదో చిన్న మెరుగు అన్నట్టు బొమ్మలో దిద్ది, మెల్లగా కొత్త వెర్షన్‌లో కలిపేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. మధ్యాహ్నం రుక్మిణక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. బోడినాయకనూరు నుంచి తెచ్చిన యాలకుల పొట్లం అందించాను. వాసన చూసి కళ్ళు మూసుకుంది.

"అల్లుడు రొంబ ఏడ్చినాడా?"

"నా చొక్కా అంతా తడిపేసినాడు అక్కా."

"మేనమామ చొక్కా దానికే ఉండేది." రెండు యాలకులు నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది. నేను నవ్వుతూనే ఉన్నాను. ఫ్యాను ఒక్కసారి ఆగి మళ్ళీ తిరిగితే మాత్రం, సూలూరులో కూడా కరెంటు పోయి వచ్చిందా అని పైకి చూసేవాణ్ణి. ఆ భయంతోనే సాయంత్రం ఇంటికి వెళ్ళాను, అన్నం తిన్నాను, పడుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మంగళవారం వచ్చేసరికి రుక్మిణక్క సీట్లో లేదు. "అక్క ఇంటినుంచి నేరుగా సూలూరు పొయ్యింది, కొత్త వెర్షన్ చూసేదానికి," అన్నాడు ప్రభు. ఫోన్ చేశాను. తీయలేదు. మిల్లు లోపలికి పోయేవాళ్ళ ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేవారు. పిడి మీద ఉండే ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఆ దారిలో బండి ఎలా నడిపానో నాకు తెలియదు.

నేను లోపలికి పరుగెత్తేసరికి ఆమె మూడో యంత్రం దగ్గర ఉంది. "తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది."

"అక్కా, చెయ్యి తియ్యండి."

నా ముఖం చూసి చెయ్యి తీసింది. కారణం అడగలేదు. నేను ఇంగ్లిష్‌లో ఏదో మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపి అంది. "తలుపు మాదిరి చెప్పు."

చేతులు కట్టుకున్నాను. "నేను తలుపును. కరెంటు పోయి వస్తే, డ్రమ్ము తిరగతా ఉన్నా తెరుచుకుంటాను."

ఆమె యంత్రం మళ్ళీ నడిపించి ఆపమంది. ఎలక్ట్రీషియన్‌తో కరెంటు తీసి వెయ్యమంది. టక్‌మని తాళం వదిలింది. తలుపు సందులోంచి తిరుగుతున్న పళ్ళు మెరిశాయి, విసురుగా గాలి తగిలింది. ఎలక్ట్రీషియన్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె మోకాలితో తలుపు మూసింది. మేనేజరుకు చెప్పి పదకొండు యంత్రాలూ ఆపించాక నావైపు తిరిగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"తప్పుండాదని గురువారం. దిద్దింది పొయ్యిందని నిన్న పొద్దున."

"నిన్న పొద్దున నుంచి మూడు షిఫ్టులు. షిఫ్టు ముగిసినప్పుడంతా ఎవరో ఒకరు దూది తీసేదానికి తలుపు తెరుస్తారు. వాళ్ళను పొయ్యి అడుగు. నేను అడగను, నువ్వే అడుగు."

షిఫ్టు మారే వేళ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడిగాను. చాలామంది తల అడ్డంగా ఊపారు. చివరికి సరస్వతి అనే ఆమె, దూది అంటుకున్న తలగుడ్డ విప్పి దులుపుతూ చెప్పింది. "ఆమా తంబీ, అవును, నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చినప్పుడు తలుపు ఊరికే తెరుచుకునె. నిలిచిపొయ్యింది అనుకుని చెయ్యి పెట్టబోయినా. అంతలో దగ్గు వచ్చె. ఈ దూది దగ్గు ఉండాది కదా. దగ్గి ముగించి చూస్తే లోపల ఇంకా తిరగతా ఉండాది." చెప్పి మళ్ళీ దగ్గింది. ఏదో పెద్ద విషయం కాదన్నట్టు డబ్బా తీసుకుని బస్సుకు వెళ్ళిపోయింది. నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను.

రుక్మిణక్క వచ్చి పక్కన నిలబడింది. అరవలేదు. "దగ్గును బొమ్మలో పెట్టలేం కణ్ణూ," అంది. కాసేపటికి తనలో తాను అనుకున్నట్టు, "కోయంబత్తూరులో పుట్టి పెరిగి, ఇన్ని కరెంటు కోతలు చూసి కూడా, కరెంటు పోయి వస్తే ఏమౌతాదని నేను అడగలేదే," అంది.

బొమ్మను నా చేతే దిద్దించింది. మొదటి పరిస్థితి పేరు 'తెలియదు' అని పెట్టించింది. పదకొండు తలుపుల దగ్గరా నా చెయ్యే పిడి మీద పెట్టించి, నా నోటితోనే లెక్కపెట్టించింది. రిపోర్టులో తప్పు కింద నా పేరు రాసింది, దాని కిందే తన పేరూ రాసింది. నా పేరు కొట్టెయ్యమని అడగాలనిపించింది నిజమే. ఆమె పేరు చూశాక అడగలేకపోయాను.

ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆఫీసులో పరీక్షల విభాగం నాది. ఏదైనా తప్పు ఉందేమోనని అనుమానం వస్తే, కుర్చీలో కూర్చోకముందే మిల్లుకు ఫోన్ చేసి యంత్రాలు ఆపమంటాను. సగంసార్లు నా అనుమానం ఉత్తదే అవుతుంది. మిల్లువాళ్ళు నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోనీ.

ఇవాళ లెక్క నూట నలభై దాటింది. డ్రమ్ము ఈల సన్నబడి ఆగింది. టక్‌మని తాళం వదిలింది, సరిగ్గా వదలాల్సినప్పుడే. తలుపు తెరిచాను. లోపల పళ్ళు కదలకుండా ఉన్నాయి. దూది తియ్యబోతుంటే యంత్రాల వరుస చివర ఎవరో దగ్గారు. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. డ్రమ్మును ఇంకోసారి చూసి, అప్పుడు లోపల పెట్టాను.