నీళ్లు నిలవని చోటు

చెంబు నీళ్లు పోశాను. ఇనుప కడ్డీ చుట్టూ మట్టి తడవలేదు, నీళ్లు లోపలికి జారిపోయాయి. ఇంకో చెంబు పోశాను. ఎక్కడో చాలా కింద చప్పుడైంది.

అడవి అంచున ఉన్న మా పత్తి చేన్లో నీళ్ల జాడ చూడటానికి మణుగూరు నుంచి సర్వే సారు వచ్చారు. నాలుగు కడ్డీలు ఒకే వరసలో దిగ్గొట్టి, భూమిలోకి కరెంటు పంపి, కింద రాయి ఉందో నీళ్లున్నాయో అంచనా వేస్తారు. ఎండిన నేలలో కరెంటు సరిగ్గా పారదు కాబట్టి కడ్డీల మొదట్లో నీళ్లు పోయాలి. ఆ పని నాది. ఐదేళ్ల కొడుకు, మూడేళ్ల బిడ్డ వైరు వెంట రైలాట ఆడుతున్నారు.

చివరి కడ్డీ ఒక్క దెబ్బకే దిగితే సారు నవ్వారు కూడా. "ఈడ మెత్తగున్నది మేడం. మిగతా చోట్ల నా రెక్కలు పడిపోయినయ్."

"సారూ, ఈడ నీళ్లు నిలుస్తలేవు."

ఆయన మోకాళ్ల మీద కూర్చొని మట్టి తీశారు. చీకిపోయిన గోనెసంచి. దాని కింద జానెడు వెడల్పు బోరు గుంత.

"ముందు పిల్లల్ని పట్టుకోండి మేడం!"

కొడుకు వైరు అవతలి కొసన ఉన్నాడు, బిడ్డ మాత్రం నా చీర కొంగు పట్టుకొని అక్కడే ఉంది.

"ఎవలిది పెద్దాయనా గీ బోరు?" అన్నారు సారు, అప్పుడే వచ్చిన మా మామతో.

"మాదే. ఎండిపోయింది. కేసింగు పైపు పీకి పై చేన్లో కొత్త బోరుకు ఏసినం. సంచి కప్పి మట్టి పోసినం గదా, ఏమైతది?"

"సంచి ఎన్నేండ్లుంటది?"

పైపు పీకిన రోజు అందరికీ అన్నం తెచ్చింది నేనే. పైపుకు దెబ్బ తగలకుండా ట్రాక్టరులో గడ్డి పరిచిందీ నేనే. గుంత సంగతి అడగలేదు. డిగ్రీ చదివి కూడా.

పొద్దుగూకే దాకా మామ, మా ఆయన రాళ్లూ మట్టీ పోసి గుంత పూడ్చారు. కొలత మధ్యలో ఆగింది.

"పిల్లలకు ఆ గుంత కాడ పాము పురుగున్నదని చెప్పు కోడలా. మళ్లా అటు పోరు," అన్నాడు మామ, అన్నం తింటూ.

రాత్రి నిద్ర పట్టక, పడుకున్న బిడ్డ భుజాలను జానతో కొలిచాను. కొలవకుండా ఉండాల్సింది.

తెల్లారి ఇద్దరినీ అక్కడికి తీసుకుపోయాను. మామ వెనకాలే వచ్చాడు.

"ఈడ పురుగేం లేదు. లోతు బొంద ఉండె. ఎవరి చేన్లనైనా సరే, నేల మీద సంచి కనబడితే తొక్కొద్దు. ఉరికొచ్చి నాకు చెప్పాలె."

"ఎవలు తవ్విన్రమ్మా?" అన్నాడు కొడుకు.

"తాత, నాయన తవ్విచ్చిన్రు బిడ్డా. మూత పెట్టిన్రా అని నేనడగలే."