తాత రాసుకున్న తెలుగు

సత్తెనపల్లిలో పరుపుల కొట్ల ముందు నడిచినప్పుడల్లా కొత్త దూది వాసనకు నా గొంతు ఇప్పటికీ గరగరలాడుతుంది. ఆ వాసనతోపాటే మా చిన్నప్పటి వసారా, దూది నుసికి తెల్లబడ్డ మా సైదులు తాత కనుబొమలు, ఆయన ఏకే విల్లు మోత, కల్లాల్లో ఎండే మిరపకాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మే మాఘమాసపు మధ్యాహ్నాలు కళ్లముందుకొస్తాయి.

మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే. అరబ్బీ అక్షరాలు రాని తాత, వయసులో ఉండగా గుంటూరులో ఒక పెద్దాయన దగ్గర కూర్చుని, నమాజులో చదివే ఖురాన్ సూరాలను ఒక పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. ప్రతి వాక్యం కిందా దాని అర్థం, మేం మాట్లాడుకునే మాటల్లో. ఆయన పోయాక, పీర్ల పండక్కి రొట్టెలూ బెల్లం కలిపి మలీద దంచిన రోజైనా, పత్తి తీసి వేళ్లు చీరుకుపోయిన రోజైనా, పొద్దుగూకే వేళకు నానమ్మ ఆ పుస్తకం నా ఒళ్లో పెట్టేది. ‘అడక్కుండానే పెట్టేవాడు, అడిగితే విసుక్కోనివాడు’ అని దేవుడి గురించి రాసిన చోట ఆపి, మళ్లీ చదివించుకునేది.

నాకు పదేళ్లప్పుడు ఊరికి కొత్తగా వచ్చిన మౌల్వీ గారు నేను ఆ పుస్తకం చదవడం విన్నారు. కోప్పడలేదు, బాధపడ్డారు.

"ఈ శబ్దాలకి తెలుగులో అక్షరాల్లేవమ్మా. ఒక్క అక్షరం మారితే దేవుడి మాటే మారిపోద్ది. దీన్ని ఇట్టా ఉంచకూడదు, పారెయ్యనూ కూడదు. మట్టిలో పెట్టాలి."

నాయన పుస్తకాన్ని తెల్లగుడ్డలో చుట్టి, మనిషిని పూడ్చినంత మర్యాదగా శ్మశానంలో పూడ్చి వచ్చాడు. నానమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అక్షరాలు తప్పయితే అయినియ్యిలే. కింద రాసిన మాటలేం చేసినయ్యిరా?"

నాయన చేతికంటిన మట్టి కడుక్కున్నాడు.

మౌల్వీ గారి దగ్గరే రెండేళ్లలో అరబ్బీ చదవడం నేర్చుకున్నాను. ఆయన మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఆ ఏడు వానల్లో నానమ్మ మంచం పట్టింది. చదవమంటే ఒక్క తప్పు లేకుండా చదివాను. కళ్లు మూసుకుని విన్నది.

"బాగుందే. ఇంతకీ ఏమంటున్నాడు?"

నాకు శబ్దమే తెలుసు. తాత మాటలు వెతుక్కుని వెతుక్కుని, అడక్కుండానే పెట్టేవాడు, అడిగితే విసుక్కోనివాడు అన్నాను.

"అది నాకూ తెలుసే పిచ్చిదానా. తర్వాతది చెప్పు."

తర్వాతదీ అరబ్బీలోనే చదివాను. మూడోనాడు ఆమె పోయింది.

ఇవాళ విల్లు పట్టి దూది ఏకేవాళ్లు మా వైపు ఒక్కరూ లేరు. ఖురాన్‌కు తెలుగు అనువాదాలు మాత్రం అచ్చులో చాలానే వచ్చాయి. నా దగ్గరే రెండున్నాయి. రెండు భాషలూ బాగా తెలిసినవాళ్లు రాశారు, వాటిలో నాకు తప్పేమీ కనిపించలేదు. అయితే ఆ తెలుగు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.