మామయ్యకు రెండు ఎడమ గ్లౌజులు

క్రిస్మస్ పొద్దుగాల చర్చి నిండ జనం ముంగట నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్తా, చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వుర్రి గానీ జెర మెల్లగ నవ్వుర్రి, మామయ్య లోపల్నే ఉన్నడు.

మా మామయ్య మౌలాలిల మా చర్చిల ముప్ఫై ఏండ్ల సంది కీబోర్డ్ వాయిస్తడు. క్రిస్మస్ ఆరాధన తెల్లారి ఐదింటికి. పోయినేడు ఆ చలికి ఆయన వేళ్లు కొయ్యలైనయి, మొదటి పాటల్నే రెండుసార్లు తప్పినయి. ఈసారి క్వయర్ లీడర్ ఇంటికొచ్చి, బిస్కెట్ తినుకుంట మెల్లగ చెప్పిండు: "అంకుల్, మొదటి పాట మీరే వాయించుర్రి. వేళ్లు సతాయిస్తే పరేషాన్ కావద్దు, పెన్‌డ్రైవ్‌ల ట్రాక్ రెడీగ పెట్టిన."

మామయ్య బిస్కెట్ ముట్టలే. చాయ్ సుత తాగలే. నాకు మాత్రం కడుపుల మండింది! ముప్ఫై ఏండ్ల మనిషి జాగల పెన్‌డ్రైవా?

"మామయ్యా, మీకు గ్లౌజులు నేను అల్లుతా. వేళ్లు బయటికే ఉంటయి, ఏ పనికీ అడ్డం రాదు, అరచెయ్యి, మణికట్టు వెచ్చగుంటయి. ఎట్ల ఆపుతరో నేను జూస్త!" అన్న.

మా ఆయన డేవిడ్ పేపర్ దించి చూసిండు. "నీ మెరూన్ స్వెటర్‌కు రెండు చలికాలాలు పట్టింది సుగుణా, యాదికుందా?"

"అప్పుడు యూట్యూబ్ సరిగ చూడలే. ఇప్పుడు చూస్తా."

సాదాగ అల్లితే ఎప్పుడో ఐపోతుండె. కానీ నాకు కేబుల్ డిజైనే కావాలె! జడ లెక్క మెలికలు తిరుగుకుంట చేతి మీదికెల్లి పోతది సూడు, అది. మామయ్య చేతులు కీబోర్డ్ మీద ఆడుతుంటే ఆ జడలు ఆ పెన్‌డ్రైవాయన కండ్లల్ల పడాలె. స్వెటర్‌ల మిగిలిన మెరూన్ ఊలు తీసిన, షురూ చేసిన. ఆఫీస్ బస్సుల అల్లిన, లంచ్‌ల అల్లిన, కుక్కర్ విజిల్‌కు విజిల్‌కు నడుమ అల్లిన. నాలుగు వరుసలైనంక ఒకసారి చేతికి తొడిగి సైజు చూసుడు, మళ్ల అల్లుడు. మొదటిది అదిరింది! రెండోది సుత అచ్చం దాని లెక్కనే వచ్చింది. పండుగకు ఇంక రెండు రోజులుంది, ఏం తక్లీఫ్ లేదు.

రెండు కలిపి వేసుకోని అద్దం ముంగట నిలబడ్డ. ఎడమ చేతి మీద జడ బ్రహ్మాండంగ ఉంది. కుడి చేతి మీద జడ లేదు! తిప్పి చూస్తే అరచేతిల ఉంది!

అప్పుడు వెలిగింది. సూదులు పట్టుకునేది కుడి చెయ్యి, కాబట్టి ప్రతిసారి తొడిగి చూసింది ఎడమ చేతికే. రెండూ ఎడమ చేతియే అల్లి పెట్టిన!

డేవిడ్ సోఫాల పడి పడి నవ్విండు. "మా నాయినకు రెండు ఎడమ చేతులున్నయని నాకు ఇన్ని రోజులు తెల్వనే తెల్వది!"

"నవ్వు, మంచిగ నవ్వు. మూడోది అల్లుతా!"

జ్వరమని ఆఫీసుకు లీవ్ పెట్టిన. కేకు బయట తెప్పించుకోమన్న, నన్ను కదిలియ్యొద్దన్న. ఈసారి ప్రతి నాలుగు వరుసలకు కుడి చెయ్యి, కుడి చెయ్యి అనుకుంట కుడి చేతికే తొడిగి చూసిన. క్రిస్మస్ పొద్దుగాల ఇంట్ల అందరు స్నానాలు చేస్తుంటే ఆఖరి పోగు కత్తిరించిన. తొడుక్కున్న. జడ పైన, బొటనవేలు దాని జాగల! సంతోషానికి ఏడుపొక్కటే తక్కువ. గబగబ చీర కట్టిన, పిన్నులు పెట్టిన, నా మెరూన్ స్వెటర్ వేసిన, పూలు పెట్టుకున్న.

"గ్లౌజులు తే సుగుణా, టైమైతుంది!" అని డేవిడ్ కేకేసిండు.

రెండు ఎడమవే టేబుల్ మీద ఉన్నయి. కుడిది లేదు! సోఫా దిండ్లు ఎత్తిన. ఊలు సంచి బోర్లించిన. ఫ్రిజ్ తెరిచి సుత చూసిన. మంచం కింద దూరి ఫోన్ టార్చ్ కొట్టి చూసిన.

"వంటింట్ల చూసినవా?"

"రెండుసార్లు చూసిన!"

ఇంక లాభం లేదు. కండ్లల్ల నీళ్లతోని ఆ రెండు ఎడమవే మామయ్య చేతిల పెట్టి, సంగతి చెప్పిన.

ఆయన కీబోర్డ్ ముంగట కూసుండి వేసుకున్నడు. కుడి చేతిది చూసిండు. జడ అరచేతిల ఉంది. క్వయర్ లీడర్ పెన్‌డ్రైవ్ పట్టుకోని పక్కకే నిలబడ్డడు. మామయ్య మొదలుపెట్టిండు. మొదటి పాట తప్పలే. రెండోది తప్పలే. మూడో పాటకు పెన్‌డ్రైవ్ జేబులకు పోయింది! నేను ఆడోళ్ల వరుసల కూసుండి వెక్కి వెక్కి ఏడ్చిన. సంతోషమే గానీ, ఆ కుడిది ఏడ సచ్చిందో అన్న బాధ సుత ఉండె.

ఆరాధన అయినంక అందరు ఒకరికొకరు షేక్‌హ్యాండ్ ఇచ్చుకునుడు మా దగ్గర రివాజు. మామయ్య నా కాడికే ముందుగాల వచ్చిండు. "హ్యాపీ క్రిస్మస్ బిడ్డా, నీ పుణ్యమాని వేళ్లు పనిచేసినయి" అనుకుంట చెయ్యి చాపిండు. నేను సుత చాపిన.

ఆయన నా చెయ్యి పట్టుకోని వదుల్తలేడు. కిందికి చూస్తున్నడు. నేను చూసిన. డేవిడ్ చూసిండు. పెన్‌డ్రైవాయన సుత చూసిండు.

మెరూన్ స్వెటర్ అంచు కాడికెల్లి, మెరూన్ గ్లౌజు. పైన సక్కటి జడ.

మామయ్య అన్నడు: "నేను రెండు ఎడమ చేతులతోని పండుగ ఎల్లదీసిన బిడ్డా. నీకు ఉన్న ఒక్క కుడి చెయ్యి కనబడలేదా?"

వేళ్లు బయటికి ఉంటే ఏ పనికీ అడ్డం రాదని గొప్పగ చెప్పింది నేనే కదా. మంచం కింద టార్చ్ పట్టుకున్నది సుత ఆ చేతితోనే.