దసరా నాడు మేస్త్రి చెప్పిన పనులు

మా హమాలీ మేస్త్రి పోయిండు. సోమారం పొద్దుగాల ఆర్మూర్ పసుపు యార్డుల కాంటా మీద బస్తా పెడుతుంటే ఫోన్ వచ్చింది. గుండె ఆగిందట. మనిషన్నంక అయ్యో అనాలె గదా. నేను అనలే. బస్తా దించిన, ఇంకోటి ఎక్కించిన. గట్లనే నాలుగు బస్తాలు తూకమేసినంక మా జతగాడు చెయ్యి పట్టుకొని ఆపిండు.

నాకు పని నేర్పింది ఆయనే. పసుపు కొమ్మును చెవికాడ పెట్టుకొని టక్కున ఇరిచేటోడు. చప్పుడును బట్టి ఎండిందో లేదో చెప్పేటోడు. నేను ఆగమాగమైతుంటే, "తొందరేందిర, పసుపు యాడికి ఉరుకుతది?" అని నవ్వేటోడు. తన టిఫిన్ డబ్బల కూర సగం నాకే ఏసేటోడు. అన్ని ముచ్చట్లు మాట్లాడుకునేటోళ్లం, ఒక్క దేవుని ముచ్చట తప్ప. మా ఇంటోళ్లం చర్చికి పోతం. యార్డుల గా మాటొస్తే నాకు భయం. ఒకటంటే ప్రచారం జేస్తున్నడంటరు, ఇంకోటంటే వాళ్ల దేవున్ని తక్కువ జేసిండంటరు. ఎందుకొచ్చిన లొల్లి అని నోరు మూసుకునేటోన్ని.

దసరాకు హమాలీలందరు కాంటాలకు పూజ జేసి, కొబ్బరికాయ కొట్టి, అందరికి బొట్టు పెడ్తరు. సరిగ్గ గా పొద్దే మేస్త్రి నన్ను యాడికో తోలేటోడు. ఒకసారి ఏర్గట్ల ఊరికి పోయి పసుపు ఎట్లెండిందో చూసి రమ్మన్నడు. దసరాకు పసుపు ఇంక చేన్లనే ఉంటది, ఏం చూడాలె నా తలకాయ! ఇంకోసారి పోచంపాడ్ నుంచి చేపలు తెమ్మన్నడు. తీరా తెస్తే, "ఇయ్యాల మా ఇంట్ల మటన్ర, నువ్వే తీస్కపో" అన్నడు. మస్తు కోపమొచ్చేది. నేనుంటే పూజ మైలబడ్తదనుకుంటున్నడని తొమ్మిదేండ్లు లోపల్లోపల కుమిలిన. అడుగుదామని నోటిదాక వచ్చేది. అడగలే.

ఆ సోమారం పగటాల్ల హమాలీలందరం మేస్త్రి ఇంటికి పోయినం. మేస్త్రి భార్య నన్ను చూసి దగ్గరికి పిలిచింది.

"దసరా వస్తుందంటే నిన్ను యాడికి పంపాల్నని నాల్రోజుల ముందట్నుంచే ఫికర్ జేసేటోడు బిడ్డా. బొట్టు పెట్టుకోమంటే పాపం వాడు కాదనలేడు, పెట్టుకుంటే మనసుల బాధపడ్తడు అనేటోడు."

ఒక్కసారి అడిగితే అయిపోతుండె. తప్పు నాదే. ఏడుపు కూడ రాలే నాకు.

పాడె లేపే ముందు అందరు మేస్త్రి మీద గులాల్ చల్లుతున్నరు. మేస్త్రి కొడుకు గులాల్ పల్లెం పట్టుకొని, నన్ను గూడ చల్లుమన్నట్టు నాకాడికొచ్చి ఆగిండు. నన్ను పక్కకు పంపేటోడు పాడె మీదున్నడు.

"తమ్మీ, నేను జర ప్రార్థన జేస్కోవచ్చా?" అన్న. యార్డోళ్లందరి ముందట అన్న.

"చేస్కో అన్నా," అని అతను డప్పులోళ్ల దిక్కు చెయ్యెత్తిండు.

డప్పులు ఆగినయి. పాడె మోసేటోళ్లు తువ్వాలలు భుజాల మీదేసుకొని నిలబడ్డరు. కండ్లు మూసుకున్న. అందరు నా ప్రార్థన ఎప్పుడైపోతదా అని ఆగిండ్రు. నాకింక మొదలే కాలే.