ఆయుధ పూజ రోజు లోపలికి వచ్చిన ఫోన్లు

2017 వేసవిలో చౌటుప్పల్ దగ్గరి ఒక ప్రైవేటు కర్మాగారంలో భద్రతాధికారిగా కాంట్రాక్టు మీద చేరాను. అంతకుముందు హైదరాబాదులో ఒక రక్షణ సంస్థలో చాలా ఏళ్లు కంప్యూటర్ నెట్‌వర్కులు చూసి, కాస్త ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాను. ఈ కర్మాగారంలో క్షిపణులలో అమర్చే తీగల కట్టలు తయారయ్యేవి. వృత్తిలో వాటిని హార్నెస్ అంటాం. హోదాలో నేను ఎండీ కింద పనిచేసేవాణ్ణి. ఒక్క విషయంలో మాత్రం ఆయన అనుమతి అక్కర్లేదు. భద్రతా లోపం బయటపడితే, మా సరుకు కొనే సంస్థకు ఒక్క రోజులోగా నా సంతకంతో తెలియజేయాలి. ఒప్పందంలో ఆ మాట ఉంది.

కేతేపల్లి వైపు మా కుటుంబానికి ఒకప్పుడు చాలా భూమి ఉండేది. సగం మా తాత చేతుల మీదుగా, మిగతాది మా నాయన చేతుల మీదుగా పోయింది. గడి అనే మా దొరల ఇంటి గోడ పడిపోతే మళ్లీ లేపలేకపోయాం. అయినా నేను ఎవరి సిఫారసుతోనూ ఉద్యోగం అడగలేదు, ఎవరికీ సిఫారసు చేయలేదు.

టెస్ట్ రూమ్‌లోని కంప్యూటర్లకు బయటి ఇంటర్నెట్‌తో ఏ సంబంధమూ ఉండదు. పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రాలకు కూడా సీలు వేయించాను. పనివాళ్లు గేటు దగ్గర అరల్లో ఫోన్లు పెట్టి లోపలికి వెళ్లాలి. దసరా ముందురోజు ఆయుధ పూజకు మాత్రం, ఇళ్లవాళ్లు కూడా వస్తారు కాబట్టి, ఫోన్లు ఉండనివ్వమని ఎండీ చెప్పారు. వద్దన్నాను. పండుగ పూట పనివాళ్ల మనసు కష్టపెట్టవద్దన్నారు. ఇళ్లవాళ్లను ముందు ఆవరణ దాటనివ్వకుండా ఆపగలిగాను. కానీ ఎవరి పనిముట్టుకు వాళ్లే బొట్టు పెట్టుకోవడం మా వైపు ఆనవాయితీ. పనివాళ్లు ఫోన్లతోనే లోపలికి వెళ్లి, తమ తమ బల్లలకు పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూలు కట్టారు.

దసరా మరునాడు డ్యూటీ మొదలవుతూనే స్వప్న నా గదికి వచ్చింది. టెస్ట్ రూమ్‌లో జూనియర్ టెక్నీషియన్. నల్గొండలో పాలిటెక్నిక్ చదివింది. వాళ్లింట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి.

"సార్, ఒక తప్పు చేసిన. ఎవరన్న చెప్పకముందే నేనే చెప్తున్న" అంది.

పూలు కట్టిన తన బల్లను ఫోటో తీసి, దసరా రాత్రి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. పొద్దున మళ్లీ చూసుకుంటే బల్ల వెనక కంప్యూటర్ తెర మీద హార్నెస్ డ్రాయింగ్ కనిపించింది. వెంటనే తీసేసింది. ఎందుకు పెట్టావని అడిగాను.

"నేను ఏడ పనిచేస్తనో మా అమ్మ ఎన్నడు చూడలే సార్."

తీసేసినంత మాత్రాన పోయినట్టు కాదు. చూసినవాళ్లు దాచుకొని ఉండవచ్చు. ఇంకేమీ తుడపవద్దని చెప్పి, ఇద్దరు సాక్షుల ముందు ఫోను తీసుకుని సీలు వేశాను. ఇలాంటిది నమోదైతే ఆ మనిషికి రక్షణ రంగంలో ఇంకెక్కడా పని దొరకడం కష్టం. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఎండీ రెండు దారులు చెప్పారు. విషయం ఇక్కడితో వదిలేయాలి. లేదా అమ్మాయిని తీసేసి, తీసేశామని రాయాలి. ఫోన్లకు అనుమతి ఇచ్చిన మాట కూడా రాస్తానన్నాను.

"గడి పోయినా దొరతనం పోలేదు రావుసాబ్ మీకు" అన్నారు. నేను నా గదికి వచ్చి నివేదిక రాయడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం స్వప్న తండ్రి లింగయ్య గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి పిలిపించాను.

"దొరా, మా నాయిన మీ తాత దగ్గర జీతమున్నడు. పోరి పేరు రాయకుండ్రి" అన్నాడు.

ఇక్కడ దొర ఎవరూ లేరని, కూర్చోమని చెప్పాను.

"కూసుంటే పేరు తీసేస్తరా?"

తీయలేనన్నాను. ఆ బల్ల ఎవరిదో విచారణవాళ్లకు క్షణంలో తెలుస్తుందని, అప్పుడు చెప్పిన మనిషి కాస్తా దాచిన మనిషి అవుతుందని వివరించాను. ఆయన నిలబడే ఉన్నాడు.

"గట్లయితే ఫోన్లు పట్టుకపోనిచ్చిన పెద్దసారు పేరు?"

"అదీ రాశాను."

అప్పుడు కూర్చున్నాడు.

సాయంత్రానికి సరుకు కొనే సంస్థకు నా సంతకంతో నివేదిక పంపాను. వారంలో ఇద్దరు అధికారులు వచ్చారు. తెర మీద ఉన్నది పాత డ్రాయింగ్ అని తేలింది, పెద్ద ముప్పు తప్పింది. అయినా ఫోన్ల కట్టుబాటు సరిచేసేదాకా సరుకు తీసుకోలేదు. విచారణ ముగిసేదాకా స్వప్న టెస్ట్ రూమ్ పాసు ఆపాలని నియమం. ఆ కాగితం మీదా నేనే సంతకం చేశాను. ఆమెను స్టోర్స్‌కు పంపారు. లోపానికి మూలం యాజమాన్యం అనుమతి అని, విషయం స్వయంగా చెప్పింది టెక్నీషియన్ అని అధికారులు రాశారు. ఆమె పాసు తిరిగి వచ్చింది. గడువు తీరాక నా కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు.

వెళ్లేముందు ఆమెతో మాట్లాడాను.

"మీరు మేలు చేసిండ్రని మా నాయిన అంటడు. నేను గట్ల అనను సార్. నాలెక్క ఇంకో ఇద్దరు ఫోటోలు తీసిండ్రు. వాళ్లు చెప్పలే. వాళ్ల పాసులు ఎవరు ఆపలే" అంది.

ఆ ఇద్దరు ఎవరని అడిగాను. చెప్పలేదు.

స్వప్న తర్వాత సైబర్ భద్రతలో కోర్సు చేసి, ఇప్పుడు హైదరాబాదులో ఇతర సంస్థల నెట్‌వర్కులు తనిఖీ చేసే పనిలో ఉంది. నేను తర్వాత పనిచేసిన చోట నియమం మార్పించాను. తన తప్పు తానే వచ్చి చెప్పిన మనిషిని విచారణ పేరుతో పని నుంచి తప్పించకూడదు. పైవాళ్ల కళ్ల ముందు అదే పని చేయనివ్వాలి. కెమెరాలు, సీళ్లు, తెంపేసిన ఇంటర్నెట్ తీగలు అన్నీ అవసరమే. కానీ లోపం గురించిన మొదటి కబురు దాదాపు ఎప్పుడూ మనిషి నోటి నుంచే వస్తుంది. ఆ మనిషికి మొదటి శిక్ష పడిన చోట రెండో కబురు రాదు.