నలభై రెండో పాట

చర్చిలో వడ్రంగి పెద్దాయన చోటు మూడో బెంచీ చివర. ఆ బెంచీ ఆయన చేసిందే. ఎంత తోమినా ఆయన గోళ్ల సందుల్లో వార్నిష్ పోదు. నలభై రెండో పాట అనగానే పుస్తకం మూసి, కళ్లజోడు జేబులో పెట్టుకుని లేస్తాడు. పల్లవిలో చివరి మాటను, పొడవాటి చెక్కను చిత్రిక పట్టినట్టు, ఊపిరి ఉన్నంతసేపూ సాగదీస్తాడు. అప్పటికే చరణంలోకి వెళ్లిపోయిన టీచరమ్మ హార్మోనియంతో సహా వెనక్కి రావాల్సిందే. "పుస్తకంలో అలా లేదు బాబాయ్" అని ఇరవై ఏళ్లుగా ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. "నా గొంతులో ఉందమ్మా" అని ఆయన నవ్వుతాడు.

మొన్న ఆదివారం ఆయనకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. అయినా వచ్చి, లేచి నిలబడి, పెదాలు మాత్రం కదిపాడు. పల్లవి చివరికొచ్చాక టీచరమ్మ హార్మోనియం మెట్టు మీంచి వేలు తీయలేదు. ఒకరి ఊపిరి అయిపోతే ఇంకొకరు అందుకుంటూ, జనమంతా నవ్వుమొహాలతో ఆ మాటను ఆయనకన్నా ఎక్కువే సాగదీశారు. ఆయన పెదాలు ఆగిపోయాయి. బెంచీ అంచును గట్టిగా పట్టుకున్నాడు.

పాట అయ్యాక నేరుగా టీచరమ్మ దగ్గరికెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం తెరిచి, ఆ మాట మీద వార్నిష్ వేలు ఆనించి, రాని గొంతుతోనే అన్నాడు: "పుస్తకంలో అలా లేదు కదమ్మా!"