కండువా సదిరిన పాపానికి

నిన్న ఎమ్మెల్యే సాబ్ ముంగట నా ఇజ్జత్ ఎట్ల పోయిందో ఇనుండ్రి. చాయ్ తాగుకుంటనే ఇనుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి, నిన్న హాలంత నవ్విండ్రు, మీరొక్కలే ఎందుకు ఆగుతరు!

నా బట్టల దుకాణం మీకెరుకే. ఉట్నూర్ జీపులు, బస్సులు ఒకప్పుడు ముంగట్నే ఆగేటియి. దిగినోళ్లు సంచులు నా దగ్గర్నే పెట్టి, నీళ్లు తాగి, జరసేపు ముచ్చట పెట్టి పోయేటోళ్లు. ఆ స్టాపు కొత్త రోడ్డు మీదికి పోయింది. మా ఇంటామె కాలం చేసింది. ఇగ దుకాణంల మిగిలింది నేను, షోకేసుల బొమ్మ. దానికి తెల్ల కుర్తా, మెడల కండువా. మాట్లాడేది నేను, ఇనేది అది. గిరాకీ లేకుంటె ఓర్చుకుంట గని, మనిషి గొంతు ఇనకుంటె పానం కొట్టుకుంటది, నిజంగ చెప్తున్న.

అసెంబ్లీ మొదలైతదని మా వర్తక సంఘమోళ్లు ఎమ్మెల్యే సాబ్‌ను పిలిచిండ్రు. మా బజారుకు ఏం కావాల్నో ఆయన అక్కడ అడగాలె. పత్తి మిల్లులకు కరెంటు, మార్కెట్ల మోరీలు, అన్నిటికంటె ఆఖరికి నా బస్ స్టాపు మళ్ల పాత జాగల పెట్టుడు. సంఘం ప్రెసిడెంట్ సలీం భాయ్ ముందుగాల్నే చెప్పిండు: "రాజన్నా, జర షార్ట్‌ల చెప్పు. పాత ముచ్చట్లు తియ్యకు."

ఇగ ప్రాక్టీసే ప్రాక్టీసు! ఎవలకు చెప్పాలె? బొమ్మకే. అచ్చం లీడర్ లెక్కనే ఉంటది గదా. "సార్, నమస్తే. మా బస్ స్టాపు..." అనుకుంట దాని కండువా సదురుడు, భుజం మీది దుమ్ము దులుపుడు, కాలర్ కింద పిన్ను గుచ్చుడు. చేతులకు అలవాటైపోయింది.

నిన్న స్టేజీ మీద నా వంతు వచ్చింది. ఎమ్మెల్యే సాబ్ సన్మానం శాలువా కప్పుకొని నా పక్కనే కదలకుంట నిలబడ్డడు. నేను మైకు పట్టుకొని "సార్, నమస్తే. మా బస్ స్టాపు..." అన్ననో లేదో, ఎడమ చెయ్యి దాని పని అది మొదలుపెట్టింది! శాలువా సదిరిన. భుజం దులిపిన. నా అంగీకి గుచ్చుకున్న పిన్ను తీసి ఆయన కాలర్‌కు పెట్టబోతుంటె సాబ్ ఎనకకు జరిగిండు.

అప్పుడన్న ఊకోవాలె గదా! "ఏ, కదలకు! సక్కగ నిలబడు!" అన్న. మైకులనే!

హాలంత ఘొల్లున నవ్విండ్రు. సలీం భాయ్ తల పట్టుకున్నడు. "అరే, క్యా కర్‌రా రే రాజన్నా!"

సాబ్ మంచోడే, ఆయన కూడా నవ్విండు. "ఏందన్నా, నన్ను అమ్మకానికి పెడుతున్నవా?"

"లేదు సార్... దుకాణంల ఒక బొమ్మ ఉన్నది. దినాం దాంతోనే మాట్లాడుత. ఇంకెవ్వలు లేరు."

నవ్వులు టక్కున ఆగినయి. అందరు జాలిగ చూస్తుంటె నాకు ఇంకింత సిగ్గయింది. సాబ్ నా భుజం తట్టి, "ఇంకేమన్న చెప్పేదున్నదా?" అని అడిగిండు.

"ఏం లే సార్" అని దిగొచ్చిన! బస్ స్టాపు నా నోట్లనే ఉండిపాయె.

ఇయ్యాల పొద్దుగాల దుకాణం తెరిచి, బొమ్మ మీద గరమైన. "ఇన్ని దినాలు ఇన్నవు, నీకంత నోటికి వచ్చే ఉంటది. మళ్ల మీటింగ్ పెడితె నువ్వే పో. షోకేసుల నేను నిలబడుత. ఎవ్వలకు ఫరక్ తెల్వది!"